అమెరికా పాస్‌పోర్టు పిల్లలకి బెంగళూరులో కష్టమొస్తే: కాన్సులేట్‌తో ఏ పని, సీడబ్ల్యూసీతో ఏ పని

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు, ఎటు వెళ్లినా మన తెలుగువాళ్ల ఇళ్లలో నీలం పాస్‌పోర్టు పిల్లలు కనిపిస్తారు. కొందరు అమ్మానాన్నలతో పాటు అమెరికా నుంచి వచ్చేసినవాళ్లు, కొందరు అమ్మానాన్నలు అక్కడ ఉద్యోగాల్లో ఉంటే ఇక్కడ అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరుగుతున్నవాళ్లు. అంతా బాగున్నన్నాళ్లూ ఆ పాస్‌పోర్టు బీరువాలోనే ఉంటుంది, ఎవరికీ గుర్తు రాదు. ఒక యాక్సిడెంటో, మొగుడూపెళ్లాల గొడవో, పిల్లని ఇంట్లో ఎవరో కొడుతున్నారన్న అనుమానమో వచ్చినప్పుడు మాత్రం ఒకరు కాన్సులేట్‌కి ఫోన్ చేయమంటారు, ఒకరు పోలీస్ స్టేషన్‌కి పదమంటారు, ఇంకొకరు మా బావమరిది లాయరు, ఆయన్ని అడుగుదాం అంటారు. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు చేయాలో ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవాల్సింది ఇది. ఏ కాన్సులేట్‌కి చెప్పాలో పిల్ల పాస్‌పోర్టును బట్టి ఉంటుంది, ఏ చట్టం నడుస్తుందో మాత్రం పిల్ల ఇప్పుడు ఉన్న ఊరిని బట్టి ఉంటుంది. అమెరికా పౌరసత్వం ఉన్న ఆరేళ్ల పాప కె.ఆర్.పురంలో ఉంటే, ఆ పాపని ఎవరి దగ్గర ఉంచాలి, ఎవరి నుంచి దూరంగా పెట్టాలి అని ఆర్డర్ వేసేది ఇక్కడి బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ), ఇక్కడి కోర్టు. కాన్సులేట్ ఆఫీసర్ వచ్చి పాపని చూడొచ్చు, అధికారులతో మాట్లాడొచ్చు, బంధువులకి కబురు చెయ్యొచ్చు, పాస్‌పోర్టు ఇవ్వొచ్చు. అంతేగానీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోలేరు. సినిమాల్లో చూసి ఎంబసీ వాళ్లు వచ్చి విడిపిస్తారనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ ఆశ మీద రోజులు పోగొట్టుకోకండి.

అలాగని కాన్సులేట్ పాత్ర నామమాత్రం అనుకోవద్దు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 5వ ఆర్టికల్‌లోనే తమ దేశపు మైనర్ల ప్రయోజనాలు కాపాడటం, ముఖ్యంగా గార్డియన్ అవసరమైనప్పుడు, కాన్సులేట్ పనుల్లో ఒకటని రాసి ఉంది, అయితే స్థానిక చట్టం హద్దుల్లోనే. 37వ ఆర్టికల్ ఇంకా పనికొచ్చేది: విదేశీ మైనర్‌కి గార్డియన్‌ని నియమించాల్సిన పరిస్థితి కనిపిస్తే ఇక్కడి అధికారులు ఆ దేశపు కాన్సులేట్‌కి ఆలస్యం లేకుండా తెలపాలి. ఇండియా 1977లో ఈ ఒప్పందంలో చేరింది. కాబట్టి కాన్సులేట్‌కి చెప్పండి అని అడగడం మీరు ఎవరినో బతిమాలుకోవడం కాదు, వాళ్లు చేయాల్సిన పనిని గుర్తుచేయడం.

కష్టం రాకముందే చేయాల్సింది

గైడ్‌లో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, ఎందుకంటే తర్వాత వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు కాగితం లేకపోవడం వల్లే వస్తాయి.

మొదట పాస్‌పోర్టు తీసి తేదీ చూడండి. పదహారేళ్లలోపు పిల్లలకి అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి తీసిన రెండు నెలల పసిగుడ్డు ఫోటో, కళ్లు సగం మూసుకుని, చెవి దగ్గర అమ్మ వేలు కొంచెం కనిపిస్తూ ఉంటుంది. పక్కన చూస్తే ముందు పళ్లు ఊడిన ఏడేళ్ల పిల్లాడు నిలబడి ఉంటాడు. ఆ పాస్‌పోర్టు చెల్లడం మానేసి ఎన్నాళ్లయిందో ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. కొత్తది కావాలంటే తల్లిదండ్రులిద్దరి సమ్మతి ఉండాలి, పిల్లాడు స్వయంగా రావాలి. ఒకరు రాలేకపోతే డీఎస్-3053 అనే ఫారం మీద నోటరీ ముందు సంతకం చేసి పంపాలి. తాతయ్యే పిల్లాడిని తీసుకెళ్లాలనుకుంటే ఇద్దరి దగ్గరా నోటరీ చేసిన అనుమతి ఉండాలి. తల్లీదండ్రీ మాట్లాడుకుంటున్న రోజుల్లో ఇది పది నిమిషాల పని, మాట్లాడుకోవడం మానేశాక నెలల పని.

ఓసీఐ ఉంది కదా, ఇండియన్ సిటిజన్ లాగే కదా అని చాలామంది అంటారు. కాదు. ఓసీఐ అంటే జీవితాంతం వీసా లాంటిది, పౌరసత్వం కాదు. ఇండియా ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు కాబట్టి ఆ పిల్ల ఇక్కడి చట్టం దృష్టిలో విదేశీయురాలే. ఇందులో ఒక మేలు కూడా ఉంది, కాన్సులేట్ కలగజేసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేరు. ఓసీఐ ఉన్నవాళ్లకి ఎఫ్ఆర్ఆర్ఓ, అంటే విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు అక్కర్లేదు. మామూలు వీసా మీద ఉన్న పిల్లలకి మాత్రం గడువు తేదీలు చూసుకోవాలి.

తర్వాత, బర్త్ సర్టిఫికెట్. హాస్పిటల్‌లో ఇచ్చే పాదముద్రల సర్టిఫికెట్ కాదు, రాష్ట్రమో కౌంటీనో ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కావాలి, దాని మీద అపోస్టిల్ ఉండాలి, అంటే ఆ కాగితం అసలైనదేనని వేరే దేశంలో చెల్లేలా వేసే ముద్ర. ఆ పని పిల్ల పుట్టిన రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు చేస్తుంది. ఇక్కడి కోర్టులో గార్డియన్ పిటిషన్ వేసినప్పుడు మొదట అడిగేది దీన్నే.

అమ్మమ్మ తాతయ్యల దగ్గర పిల్లని వదిలి వెళ్లే తల్లిదండ్రులు ఒక అధికార పత్రం రాసి వెళ్లాలి: వైద్యానికి సంతకం, స్కూలు వ్యవహారం, ప్రయాణం, అన్నీ ఎవరు చూస్తారో విడివిడిగా. అమెరికాలో రాస్తే నోటరీ చేయించి, అపోస్టిల్ వేయించి పంపండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి, ఇది ఎవరూ చెప్పరు. ఇంకో మాట, ఇది చెబితే పెద్దవాళ్లు బాధపడతారు కానీ చెప్పక తప్పదు: తాతయ్య, నానమ్మ ఎంత పెంచినా చట్టం దృష్టిలో సహజ గార్డియన్లు కారు. తల్లిదండ్రులిద్దరూ పోతే కోర్టు నియమిస్తేనే వాళ్లకి ఆ హోదా వస్తుంది. అందుకే తల్లీదండ్రీ ఇద్దరూ విల్లు రాసి, అందులో గార్డియన్ పేరు పెట్టండి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అలా విల్లులో పేరు పెట్టే హక్కు ఇస్తుంది. ముప్పై అయిదేళ్లకే విల్లేంటి, అశుభం అంటారు మన ఇళ్లలో. లోన్ తీసుకునేటప్పుడు టర్మ్ ఇన్సూరెన్స్ కడుతున్నారు కదా, అప్పుడు రాని అశుభం ఇప్పుడెందుకు వస్తుంది?

మీ కాన్సులేట్ ఏదో కూడా తెలుసుకుని ఉంచుకోండి. తెలుగువాళ్లం కాబట్టి అలవాటుగా హైదరాబాద్ వైపు చూస్తాం, కానీ అమెరికా పౌరుల సేవల విషయంలో కర్ణాటక చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది, అన్నాసాలైలో జెమినీ సర్కిల్ దగ్గర ఉండేది అది. ఆంధ్ర, తెలంగాణ మాత్రం హైదరాబాద్ పరిధి. పిల్ల నెల్లూరులో ఉండి మీరు బెంగళూరులో ఉంటే పిల్ల ఉన్న చోటే లెక్క. వాళ్ల వెబ్‌సైట్లో ఆఫీసు వేళలు దాటాక చేసే ఎమర్జెన్సీ నంబరు ఉంటుంది, అది ఇవాళే ఫోన్లో సేవ్ చేసుకోండి.

పిల్లకి ఇప్పుడే ప్రమాదం అనిపిస్తే

కాన్సులేట్ రెండో ఫోన్. మొదటి ఫోన్ 1098, లేదా 112. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు. పక్కింటి పిల్ల విషయమైనా మీరు చేయొచ్చు. లైంగిక వేధింపు అయితే చేయొచ్చు కాదు, చేయాలి: 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం, పిల్ల ఏ దేశపుదైనా సరే.

స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే అక్కడి బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడగండి, ప్రతి స్టేషన్‌లో ఒకరు ఉండాలి, ఏఎస్సై స్థాయికి తగ్గకుండా. అక్కడ ఎలా ఉంటుందంటే, అమ్మమ్మ తెలుగులో చెప్తూ ఉంటుంది, కానిస్టేబుల్ కన్నడలో రాసుకుంటూ ఉంటాడు, మధ్యలో పాప అమెరికన్ సిటిజన్ అన్న ముక్క పడగానే పెన్ను పక్కన పెట్టి, అయితే ఎంబసీకి హోగి అంటాడు. అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇది: 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే, పౌరసత్వం షరతు లేదు. మర్యాదగా, మెల్లగా చెప్పండి, వీలైతే కన్నడ వచ్చిన పొరుగువాళ్లని వెంట తీసుకెళ్లండి, మన తెలుగు స్వరం పెరిగితే అక్కడ పని జరగదు.

బాలల సంక్షేమ కమిటీ దగ్గర ఏం జరుగుతుంది

అందరూ సీడబ్ల్యూసీ అనే ఈ కమిటీ జిల్లాకి ఒకటైనా ఉంటుంది: ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లలో కనీసం ఒకరు మహిళ. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కి ఉండే అధికారాలు ఈ బెంచ్‌కి ఉంటాయి, అది మర్చిపోయి ఆఫీసులో గుమాస్తాలతో మాట్లాడినట్టు మాట్లాడొద్దు. నగరంలో హోసూరు రోడ్డులో, కిద్వాయి ఆస్పత్రి ప్రాంతంలో ఉన్న బాలమందిరం వైపు వెళ్లాలి, బోర్డు కన్నడలో మక్కళ కల్యాణ సమితి అని ఉంటుంది. వెళ్లే ముందు 1098లో అడిగి, మీ ఏరియా ఏ బెంచ్ కిందకి వస్తుందో ఖాయం చేసుకోండి.

సంరక్షణ అవసరమైన పిల్ల ఎవరికైనా దొరికితే 24 గంటల్లో కమిటీ ముందు హాజరుపరచాలి, ప్రయాణ సమయం పోను. కమిటీ ఆ రోజు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచొచ్చు. అక్కడ మొదట తేలేది ఈ రాత్రి పిల్ల ఎక్కడ పడుకోవాలన్నది. పిల్లల హోమ్ ఒక దారి, కానీ ఒక్కటే దారి కాదు. చట్టంలో తగిన వ్యక్తి అనే ఏర్పాటు ఉంది, ఫిట్ పర్సన్ అంటారు, కమిటీ ఆమోదిస్తే పిల్లని తాత్కాలికంగా ఆ మనిషి దగ్గర ఉంచొచ్చు. యాక్సిడెంట్‌లో అమ్మానాన్నలు పోయిన పిల్లాడి విషయంలో పిన్నో మావయ్యో అడగాల్సింది దీన్నే. మా పిల్లాడిని మాకివ్వండి అని ఏడవడం వేరు, నేను పిల్లాడి తల్లికి సొంత చెల్లెలిని, ఇదిగో మా బంధుత్వానికి ఆధారం, ఇదిగో ఇంటి అడ్రసు, నన్ను ఫిట్ పర్సన్‌గా పరిశీలించండి అని రాతపూర్వకంగా ఇవ్వడం వేరు. రెండోదానికే ఆర్డర్ వస్తుంది. ఏడుపు వస్తే ఏడవండి, కానీ అర్జీ ఇచ్చాకే.

ఆ తర్వాత సామాజిక దర్యాప్తు ఉంటుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచో, కమిటీ చెప్పిన సంస్థ నుంచో ఒకరు మీ ఇంటికి వస్తారు, పిల్లతో విడిగా మాట్లాడతారు, పక్కింటివాళ్లని అడుగుతారు. ఇల్లు అద్దంలా తుడిచి పెట్టాల్సిన పని లేదు, పిల్లకి ఏం చెప్పాలో నేర్పించడం మాత్రం అస్సలు చేయొద్దు, అనుభవం ఉన్నవాళ్లకి రెండు మాటల్లో తెలిసిపోతుంది. డాలస్ యాసలో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు తప్ప ఇంకేమీ రాని పిల్లయితే, ఆ భాష వచ్చిన మనిషిని పిలిపించమని కమిటీని అడగండి.

అదే రోజు మీ అర్జీలో ఒక వాక్యం చేర్చండి: ఈ పిల్ల ఫలానా దేశ పౌరురాలు, పాస్‌పోర్టు కాపీ జతచేశాం, సంబంధిత కాన్సులేట్‌కి సమాచారం ఇవ్వగలరు. ఫైల్లోకి ఎక్కితేనే ఆ విషయం కదులుతుంది. ఆర్డర్ నచ్చకపోతే అప్పీలుకు 30 రోజుల గడువు. కమిటీ ఆర్డర్ల మీద అప్పీలు చిల్డ్రన్స్ కోర్టుకి వెళ్తుంది, ఫాస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్ నిర్ణయాల మీద మాత్రం జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరికి.

వాట్సాప్ గ్రూపుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మన తెలుగు అసోసియేషన్ గ్రూపుల్లో పాప ఫోటో, పేరు, స్కూలు, అంతా పెట్టి దయచేసి అందరికీ షేర్ చేయండి అని తిప్పుతారు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలా పిల్ల గుర్తింపు బయటపెట్టడం నేరం, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఉద్దేశం మంచిదే, కానీ ఆ ఫోటో ఎప్పటికీ నెట్‌లో ఉండిపోతుంది.

కాన్సులేట్‌కి ఎలా చెప్పాలి

ఫోన్ చేయండి, వెంటనే మెయిల్ కూడా పెట్టండి. మెయిల్లో మొదటి పేరాలోనే పిల్ల పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఇప్పుడు ఎక్కడ, ఎవరి దగ్గర ఉంది, మీరు పిల్లకి ఏమవుతారు, తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారు, ఇంతవరకు ఏ అధికారికి చెప్పారు. కుటుంబ చరిత్ర, కట్నాల లెక్క, పెళ్లిలో జరిగిన గొడవ రెండో పేరాలో కూడా వద్దు. చివర్లో మీరేం అడుగుతున్నారో తేల్చి చెప్పండి: పిల్లని కలిసి క్షేమంగా ఉందో లేదో చూడమనా, కమిటీకి కాన్సులేట్ తరఫున ఉత్తరం రాయమనా, అమెరికాలో ఉన్న తండ్రి బంధువుల్ని వెతకమనా, పాస్‌పోర్టు ఇవ్వమనా. కాపాడండి అన్న ఒక్క మాటకి వాళ్ల దగ్గర ఫారం ఉండదు.

క్షేమం చూడటానికి ఆఫీసర్ రావాలంటే పిల్ల ఎవరి దగ్గర ఉందో వాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే స్థానిక పోలీసుల, కమిటీ సాయం అడుగుతారు, తలుపులు పగలగొట్టరు. లాయర్ల జాబితా ఇస్తారు కానీ ఫీజు కట్టరు, కోర్టులో మీ తరఫున వాదించరు. తల్లిదండ్రుల్లో ఒకరికి తెలియకుండా ఇంకొకరు పిల్లకి పాస్‌పోర్టు తీస్తారేమోనని భయం ఉంటే, అమెరికా విదేశాంగ శాఖలో పిల్లల పాస్‌పోర్టు అలర్ట్ కార్యక్రమం ఉంది, అందులో పేరు నమోదు చేసుకుంటే దరఖాస్తు వచ్చినప్పుడు మీకు చెప్తారు. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

అమ్మానాన్నలే కొట్టుకుంటుంటే

ఇక్కడ సీడబ్ల్యూసీ సరైన చోటు కాదు. పిల్లకి హింస, నిర్లక్ష్యం ఉంటే సరే, ఉత్త కస్టడీ గొడవైతే ఫ్యామిలీ కోర్టుకి వెళ్లాలి, నగరంలో సిద్దయ్య రోడ్డులో న్యాయదేగుల భవనం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం పిల్ల మామూలుగా ఉండే ఊరి కోర్టుకే అధికారం. ఆ మామూలుగా ఉండే చోటు ఏది అన్నదాని మీదే సగం యుద్ధం జరుగుతుంది.

1980 నాటి హేగ్ బాలల అపహరణ ఒప్పందంలో ఇండియా లేదు. అమెరికా ఉంది. అంటే ఒకరు పిల్లని న్యూజెర్సీ నుంచి బెంగళూరుకి తెచ్చేస్తే, ఆటోమేటిక్‌గా వెనక్కి పంపే యంత్రాంగం ఇక్కడ లేదు, హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయాలి, అంటే పిల్లని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్. సుప్రీంకోర్టు 2017లో, విదేశీ కోర్టు ఆర్డర్ పరిగణించాల్సిన విషయాల్లో ఒకటి మాత్రమే, పిల్ల సంక్షేమమే ముఖ్యం అంది. అది విని చాలామంది ఇండియా వచ్చేస్తే గెలిచినట్టే అనుకుంటున్నారు. 2019లో అదే సుప్రీంకోర్టు, పెన్సిల్వేనియా నుంచి తల్లి హైదరాబాద్ తీసుకొచ్చిన అమెరికా పౌరులైన పిల్లల విషయంలో వెనక్కి పంపమంది. పైగా 1993 నుంచి అమెరికాలో, రెండో తల్లి లేదా తండ్రి హక్కుకి అడ్డుపడే ఉద్దేశంతో పిల్లని దేశం దాటించడం ఫెడరల్ నేరం, మూడేళ్ల దాకా జైలు. చెప్పకుండా ఫ్లైటెక్కేయమని సలహా ఇచ్చే బంధువు ఎవరైనా ఉంటే ఈ పేరా చూపించండి.

పిల్లని పుట్టిన దేశానికి పంపాల్సి వస్తే

తల్లిదండ్రులు లేరు, టెక్సస్‌లో మేనత్త పెంచుకుంటానంటోంది అనుకోండి. ముందు ఇక్కడ కమిటీ ఆర్డరో కోర్టు గార్డియన్ ఆర్డరో కావాలి. మేనత్త ఇల్లు చూసి రిపోర్టు ఇవ్వాలి, అది అక్కడి సంస్థలు చేస్తాయి. 1924లో మొదలై జెనీవా కేంద్రంగా నడిచే ఇంటర్నేషనల్ సోషల్ సర్వీస్ లాంటి నెట్‌వర్క్ ఇలా దేశాల మధ్య నివేదికలు తెప్పిస్తుంది, మీరు కాన్సులేట్‌ని, కమిటీని దీని గురించి అడగొచ్చు. టికెట్‌కి కూడా డబ్బు లేని పరిస్థితి అయితే అమెరికా ప్రభుత్వం తమ పౌరులకి తిరిగొచ్చేందుకు అప్పు ఇస్తుంది, అది అప్పే, దానం కాదు.

వీసా గడువు దాటినా, పాత పాస్‌పోర్టు పోయి కొత్తది వచ్చినా ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. ఎఫ్ఆర్ఆర్ఓ నుంచి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. దరఖాస్తు ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ సైట్లోనే, పిలిస్తే శాంతినగర్ బీఎంటీసీ బస్టాండ్ భవనంలో ఆఫీసు. టికెట్ బుక్ చేశాక కాదు, చేయకముందే ఈ పని పెట్టుకోండి. ఇప్పుడు ఇవన్నీ 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం కింద నడుస్తున్నాయి, పాత 1946 చట్టం సెక్షన్లు చెప్పే ఏజెంట్ల మాట నమ్మొద్దు.

కాన్సులేట్‌కి ఫోన్ చేయకూడని పిల్లలు

విదేశీ పిల్లలంటే మనకి అమెరికా, ఆస్ట్రేలియా పిల్లలే గుర్తొస్తారు. మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ కొడుకూ విదేశీ పిల్లాడే, వాడికీ అదే 1098, అదే కమిటీ. 1950 ఒప్పందం వల్ల నేపాలీలకి ఇక్కడ వీసా అక్కర్లేదు, అందుకే వాడి దగ్గర పాస్‌పోర్టు లేకపోవడం అనుమానించాల్సిన విషయం కాదు.

శరణార్థి పిల్లల సంగతి పూర్తిగా వేరు. తన దేశం నుంచే పారిపోయి వచ్చిన కుటుంబం గురించి ఆ దేశపు కాన్సులేట్‌కి చెప్పడం అంటే వాళ్ల ఆచూకీ ఇచ్చేయడమే. అలాంటప్పుడు కమిటీకి ఆ విషయం ముందే చెప్పి, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌ని సంప్రదించాలి, వాళ్లకి ఢిల్లీలోనూ చెన్నైలోనూ ఆఫీసులు ఉన్నాయి.

విదేశంలో ఉన్న మన పిల్లల్ని అక్కడి బాలల సంస్థ తీసుకెళ్తే

ఇదే లెక్క తిరగబడుతుంది. పిల్లకి ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే అక్కడి భారత కాన్సులేట్ అధికారికంగా కలగజేసుకోగలదు. పిల్ల అక్కడే పుట్టి ఆ దేశ పౌరురాలైతే తల్లిదండ్రులకి సాయం చేయగలదు తప్ప పిల్ల తరఫున నిలబడే హక్కు దాదాపు ఉండదు. హక్కు ఉన్నా కూడా ఆర్డర్ వేసేది అక్కడి కోర్టే. నార్వేలో 2011లో తీసుకెళ్లిన ఇద్దరు భారతీయ పిల్లల్ని, ఢిల్లీ నుంచి గట్టి ఒత్తిడి వెళ్లాక, 2012 ఏప్రిల్‌లో వాళ్ల బాబాయికి అప్పగించారు. జర్మనీలో 2021లో ఏడు నెలల పాపని తీసుకెళ్లిన కేసులో 2023 జూన్‌లో 19 పార్టీలకి చెందిన 59 మంది ఎంపీలు జర్మనీ రాయబారికి ఉత్తరం రాశారు, అదే నెలలో బెర్లిన్ కోర్టు పాపని అక్కడి బాలల సంస్థ కస్టడీలోనే ఉంచింది.

అలాంటి ఫోన్ మీకు అక్కడి నుంచి వస్తే, కొడుకూ కోడలికి ముందు లోకల్ ఫ్యామిలీ లాయర్ని పెట్టుకోమనండి, సంస్థ పిలిచిన ఏ మీటింగూ మానొద్దనండి, దుబాసీ కావాలని రాతపూర్వకంగా అడగమనండి. మీరు ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కేసు నమోదు చేసి, ఆ నంబరు అక్కడి భారత కాన్సులేట్‌కి మెయిల్ చేయండి. లాయర్ ఫీజు కష్టమైతే 2009 నుంచి ఉన్న భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి నుంచి సాయం దొరుకుతుందేమో అదే మెయిల్లో అడగండి.